జీతం, పీఎఫ్, సూదిపోటు, సంఘం: ఆసుపత్రి టెక్నీషియన్లు హక్కులు రాబట్టుకునే దారి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, ఫిజియోథెరపీ, ఈసీజీ విభాగాల్లో పనిచేసేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, మెడికల్ కాలేజీ అయినా, ఊళ్లో పాతిక పడకల నర్సింగ్ హోమ్ అయినా పని ఒకటే. హక్కు అడగాల్సిన తలుపు మాత్రం వేరు. చాలా ఫిర్యాదులు ఓడిపోయేది చట్టం లేక కాదు. తప్పుడు తలుపు తట్టడం వల్ల, తేదీ దాటిపోవడం వల్ల, చేతిలో కాగితం లేకపోవడం వల్ల. అందుకే ఇక్కడ చట్టాల పేర్ల కంటే కాగితాలకూ, తేదీలకూ, వరసకూ ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందుగా ఒక వార్త. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి: వేతనాల కోడ్, పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత కోడ్. కనీస వేతనాల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం, ట్రేడ్ యూనియన్ల చట్టం, గ్రాట్యుటీ చట్టం లాంటి పాతవి వీటిలో కలిసిపోయాయి. పాత నియమాలు, నోటిఫికేషన్లు కొత్త కోడ్‌కు విరుద్ధంగా లేనంత మేరకు కొత్తవి వచ్చేదాకా నడుస్తాయి. కాబట్టి "పాత చట్టం పోయింది, మీకేం రాదు" అని మేనేజ్‌మెంట్ అంటే నమ్మక్కర్లేదు. "కొత్త కోడ్ వచ్చింది, అన్నీ వాటంతటవే వస్తాయి" అని ఎవరైనా అంటే అదీ నమ్మక్కర్లేదు.

మొదటి మెట్టు: మీ యజమాని ఎవరు?

"నేను పెద్దాసుపత్రిలో చేస్తున్నాను" అనేది పనిచేసే చోటు చెబుతుంది, యజమాని ఎవరో చెప్పదు. ఒకే ల్యాబ్‌లో పక్కపక్క కుర్చీల్లో నలుగురు కూర్చుంటే నలుగురికీ నాలుగు రకాల యజమానులు ఉండొచ్చు. ఒకరు రెగ్యులర్ ఉద్యోగి. ఆయనకు సర్వీసు రూల్సు, ప్రవర్తనా నియమావళి ఉంటాయి. రెండోవారు జిల్లా కమిటీ ద్వారా కాంట్రాక్టులో చేరినవారు. వారి కాంట్రాక్టు నేరుగా ప్రభుత్వంతోనే. మూడోవారు ఔట్‌సోర్సింగ్. ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ కోసం ఏర్పాటైన ఆప్కాస్ (ఆంధ్రప్రదేశ్ ఔట్‌సోర్సింగ్ సేవల కార్పొరేషన్) 2020 జూలైలో నియామక పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని ద్వారా వచ్చినవారికి జీతం ఇచ్చేది ఆ కార్పొరేషన్, పని చెప్పేది సూపరింటెండెంట్. నాలుగోవారు ప్రైవేటు ఏజెన్సీ మనిషి. డయాలసిస్, స్కానింగ్ యూనిట్లను ప్రభుత్వం ఏజెన్సీకి అప్పగించిన చోట ఇదే పరిస్థితి.

తేల్చుకునే పద్ధతి సులువు. మూడు కాగితాలు ముందు పెట్టుకోండి: నియామక పత్రం, బ్యాంకు పాస్‌బుక్కులో జీతం పడిన ఎంట్రీ పక్కనున్న పేరు, పీఎఫ్ పాస్‌బుక్కులో సంస్థ పేరు. మూడింటిలో ఒకే పేరు ఉంటే ఆ పేరే యజమాని. వేర్వేరు పేర్లు ఉంటే ఫిర్యాదులో అందరినీ చేర్చాలి. ఏజెన్సీని మొదటి ప్రతివాదిగా, ఆసుపత్రిని రెండో ప్రతివాదిగా, అంటే ప్రధాన యజమానిగా పెట్టండి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే చోట (కొత్త కోడ్‌లో ఆ పరిమితి 50 మంది) కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని కట్టాలి. కట్టాక కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవచ్చు. ఈ ఒక్క మాట ఉత్తరంలో రాసేసరికి ఆసుపత్రి కార్యాలయంలో ఫైలు కదలడం మొదలవుతుంది. ఏజెన్సీ టెండరు ముగిసి వెళ్లిపోయాక డబ్బు ఎవరి నుంచి రాబట్టాలన్న సమస్య తమ మీద పడుతుందని వాళ్లకీ తెలుసు.

నియామక పత్రం లేనివాళ్లు అడిగి తీసుకోండి. వృత్తి భద్రత కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఇవ్వకపోతే అడిగినట్టు రుజువు ఉండాలి. వాట్సాప్‌లో అయినా సరే, తేదీతో రాతలో అడగండి.

ఇంకో సంగతి. కొన్ని ఆసుపత్రుల్లో చేరేటప్పుడు డిప్లొమా, పదో తరగతి ఒరిజినళ్లు తీసి పెట్టుకుంటారు. ఇవ్వకండి. చూపించి, జెరాక్సు మీద సంతకం చేసి ఇవ్వండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఏమేం ఇచ్చారో జాబితా రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. రేపు మానేస్తానన్నప్పుడు మిమ్మల్ని కట్టిపడేసేది ఆ సర్టిఫికెట్టే.

రెండో మెట్టు: ఫైలు కట్టడం

లేబర్ ఆఫీసులో ఎదుటి పక్షం మొదట అనే మాట "ఈ వ్యక్తి మా దగ్గర పనే చేయలేదు" అని. రెండోది "చేశారు గానీ మధ్యమధ్యలో మానేశారు" అని. ఈ రెండింటికీ జవాబు మీ ఫైల్లో ఉండాలి.

బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్కు అందరికీ తెలిసినవే. తెలియని రుజువులు మీ విభాగంలోనే ఉంటాయి. రేడియోగ్రాఫర్లకు ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేది) ఉంటుంది కదా, దాని డోసు రిపోర్టు మూడు నెలలకోసారి సంస్థ పేరుతో, మీ పేరుతో వస్తుంది. మీరు ఆ ఆసుపత్రిలో పనిచేశారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. ల్యాబ్ రిజిస్టర్లో మీ సంతకాలు, డయాలసిస్ సెషన్ షీటు మీద మీ పేరు, నెలవారీ డ్యూటీ చార్టు, బయోమెడికల్ వ్యర్థాల శిక్షణ హాజరు పట్టీ, ఇవన్నీ పనికొస్తాయి. డ్యూటీ చార్టు గోడకు అంటించిన రోజునే ఫొటో తీసుకోండి, నెల మారితే చించేస్తారు. ఒక హెచ్చరిక: రోగి పేరు, రిపోర్టు ఫొటోలో పడకూడదు. రోగి వివరాలు బయటపెట్టారని మీ మీదే చర్య తీసుకునే సాకు వాళ్లకు ఇవ్వొద్దు.

ఏజెన్సీలు మారినప్పుడు సర్వీసు తెగిపోయిందంటారు. పీఎఫ్ పాస్‌బుక్కులో ఒకే యూఏఎన్ (మీ శాశ్వత పీఎఫ్ నంబరు) కింద ఒక ఏజెన్సీ తరవాత ఇంకో ఏజెన్సీ వరసగా కనిపిస్తుంది. అందుకే కొత్త ఏజెన్సీ వచ్చి "కొత్త యూఏఎన్ తీస్తాం" అంటే ఒప్పుకోకండి. పాత నంబరే ఇవ్వండి. రెండు నంబర్లు అయితే పింఛను సర్వీసు రెండు ముక్కలవుతుంది. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం) కింద పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఆరేళ్లు ఒక నంబర్లో, ఐదేళ్లు ఇంకో నంబర్లో పడి ఉంటే ముందు వాటిని కలపాలి, లేకపోతే అరవైకి దగ్గర్లో ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మూడో మెట్టు: జీతం స్లిప్పును లెక్కకట్టడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

నెలకు 14,500 రూపాయల వేతనం ఉన్న ల్యాబ్ టెక్నీషియన్‌ను తీసుకుందాం. పీఎఫ్ ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,740. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 109. వృత్తి పన్ను 15,000 దాకా లేదు. చేతికి రావాల్సింది 12,651. యజమాని తన జేబులోంచి ఇంకో 1,740 పీఎఫ్‌కు, 3.25 శాతం చొప్పున 472 ఈఎస్‌ఐకి కట్టాలి. యజమాని కట్టే 1,740లో 8.33 శాతం లెక్కన 1,208 పింఛను ఖాతాకు, మిగతా 532 పీఎఫ్ ఖాతాకు పోతాయి.

ఇప్పుడు మీ ఖాతాలో పడిన మొత్తం చూడండి. 12,651కి బదులు 10,911 పడుతోందంటే యజమాని పీఎఫ్ వాటా కూడా మీ జీతంలోంచే కోస్తున్నారన్నమాట. 10,439 పడుతోందంటే ఈఎస్‌ఐ వాటా కూడా కలిపి కోస్తున్నారు. రెండూ చట్టవిరుద్ధమే. ఏజెన్సీలు దీన్ని "మొత్తం ప్యాకేజీలోంచి" అని సర్దిచెబుతాయి. టెండరులో ఆసుపత్రి ఏజెన్సీకి మనిషికి ఎంత ఇస్తోందో, అందులో యజమాని వాటా విడిగా చూపించారో లేదో తెలిస్తే ఆ సర్దుబాటు తేలిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఆ కాగితం సమాచార హక్కు కింద బయటికి వస్తుంది. దాని సంగతి కింద చెప్పాం.

స్లిప్పులో బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ పెట్టడం ఇంకో పాత ఎత్తు. కొత్త కోడ్‌ల నిర్వచనంలో, మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. 18,000 జీతంలో బేసిక్ 5,000, అలవెన్సులు 13,000 అనుకోండి. సగం 9,000. దాటిన 4,000ను బేసిక్‌కు కలిపితే వేతనం 9,000 అవుతుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసు లెక్కన వచ్చే డబ్బు) దీని మీదే లెక్కకట్టాలి, 5,000 మీద కాదు.

కనీస వేతనం సంగతి. రాష్ట్ర ప్రభుత్వం ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లకు విడిగా కనీస వేతనాలు ప్రకటిస్తుంది. దానికి కలిసే కరవు భత్యం ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీల్లో మారుతుంది. ఆ రెండు నెలల తరవాత వచ్చే స్లిప్పును ముందు నెలతో పోల్చి చూడండి. ఒక్క రూపాయి కూడా మారకపోతే, మీ జీతం కనీస వేతనం కంటే బాగా ఎక్కువైనా ఉండాలి, లేదా కరవు భత్యం ఎగ్గొట్టి ఉండాలి. మీ కేటగిరీ ఏదో రేట్ల పట్టికలో చూసుకోండి. డిప్లొమా ఉన్న టెక్నీషియన్ను "అటెండర్" అనో "సహాయకుడు" అనో రాసి కింది రేటు ఇవ్వడం జరుగుతుంటుంది. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ నకలు ఫైల్లో ఉంటే ఆ ఆట సాగదు.

నెల జీతం తరవాతి నెల 7వ తేదీలోపు పడాలి. ఏ కారణంతోనైనా కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. జరిమానా వేయాలంటే ముందు మీ వివరణ వినాలి, అదీ ఆ నెల వేతనంలో 3 శాతం లోపే. "రియేజెంట్ పాడైంది, ఫిల్ము వృథా అయింది, అందుకని వెయ్యి కోస్తున్నాం" అని నోటిమాటగా చెప్పి కోసేయడం కుదరదు. జీతం బకాయి క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది. అధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా నష్టపరిహారం వేయించవచ్చు. పది రెట్లు ఎవరికీ ఇచ్చేయరు గానీ, ఆ అంకె ఉత్తరంలో కనిపించడం మంచిదే.

నాలుగో మెట్టు: పీఎఫ్, ఈఎస్‌ఐ నిజంగా జమవుతున్నాయా?

జీతంలో కోసినంత మాత్రాన జమ అయినట్టు కాదు. రెండూ తరవాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. యూఏఎన్‌కు అనుసంధానమైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ మెసేజిగా వస్తుంది. అది సరిపోదు. పాస్‌బుక్కు తెరిచి నెలనెలా చూడండి. మధ్యలో ఖాళీ నెలలు ఉన్నాయా, జమ చూపించిన వేతనం మీ స్లిప్పులోని వేతనంతో సరిపోతోందా అన్నవి రెండూ చూడాలి. 14,500 ఇస్తూ పాస్‌బుక్కులో 8,000 వేతనం చూపించి పీఎఫ్ కట్టే సంస్థలు ఉంటాయి.

జమ కాకపోతే ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. ఉత్తరాంధ్ర వాళ్లంతా విశాఖ కార్యాలయానికే పంపాలనుకుంటారు. ఏజెన్సీ హైదరాబాదులో కోడ్ తీసుకుని ఉంటే ఫిర్యాదు అక్కడికి పోవాలి. పాస్‌బుక్కులో సంస్థ కోడ్ ఉంటుంది, మొదటి అక్షరాలు ఏ కార్యాలయమో చెబుతాయి. ఫిర్యాదులో నెలలు, కోసిన మొత్తం పట్టికగా రాసి, అదే నెలల స్లిప్పులు జత చేసి, బాకీ తేల్చే విచారణ (పాత చట్టంలో సెక్షన్ 7ఏ) జరపమని స్పష్టంగా అడగండి. బాకీ ఎంతో తేల్చేది ఆ విచారణే. ఉద్యోగి వాటా కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం కూడా. భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్.

ఈఎస్‌ఐ పది మంది, ఆపైన ఉన్న చోట వర్తిస్తుంది. వేతనం 21,000 దాకా. అది దాటిన వెంటనే కార్డు ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు చందా కాలాలు ఉన్నాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ చందా కాలం ముగిసేదాకా కోత కొనసాగాలి, హక్కు కొనసాగాలి. జీతం 20,800 నుంచి 21,200కు పెరిగితే సంతోషించే ముందు ఇంట్లో దీర్ఘకాల రోగులు ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. 400 రూపాయల పెంపు కోసం కుటుంబానికంతా ఉన్న వైద్యం పోతుంది. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బున్న తల్లిదండ్రులు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

జబ్బు సెలవు భత్యం వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మీ యజమాని రోజులు తక్కువ చూపిస్తే ఈ 78 దగ్గరే ఆగిపోతారు. డ్యూటీ చార్టు ఫొటోలు మళ్లీ అక్కరకొచ్చేది అప్పుడే.

ఐదో మెట్టు: సూదిపోటు జరిగితే

ఇది వరస తప్పకుండా చేయాల్సిన పని. రాత్రి డ్యూటీలో జరిగినా, డ్యూటీ డాక్టరు "ఏం కాదులే" అన్నా వదలకండి.

గాయాన్ని సబ్బు, నీళ్లతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి, స్పిరిట్టో బ్లీచో రాయకండి. కంట్లో రక్తం చిందితే మామూలు నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ కడగండి. వెంటనే ఇన్‌చార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు. 72 గంటలు దాటితే ఇవ్వరు. మొత్తం 28 రోజులు మింగాలి. అవి చిన్న ఆసుపత్రిలో ఉండవు. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లలో దొరుకుతాయి. సోంపేటలోనో సాలూరు దారిలోనో అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఆ దూరమే అసలు సమస్య. కాబట్టి మొదటి డోసు ఎక్కడ, ఎవరి దగ్గర, ఏ తాళంలో ఉందో మామూలు రోజునే అడిగి గోడ మీద రాయించండి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అలాంటి ప్రమాదం ఉన్న ఆసుపత్రిలో పనిచేసేవారికి ఈ మందులు అందేలా చూడాల్సింది ఆసుపత్రే.

ఆ రోజే మీ రక్తం పరీక్ష చేయించాలి. ఇది చాలామంది వదిలేస్తారు. గాయం రోజున మీకు వైరస్ లేదని కాగితం లేకపోతే, ఆరు నెలల తరవాత పాజిటివ్ వచ్చినప్పుడు అది డ్యూటీలో వచ్చిందని నిరూపించడం దాదాపు అసాధ్యం. తరవాత 6 వారాలు, 3 నెలలు, 6 నెలల దగ్గర మళ్లీ పరీక్షలు. హెపటైటిస్ బి టీకా (0, 1, 6 నెలల్లో మూడు డోసులు) వేసుకుని ఉంటే రక్తంలో యాంటీబాడీ స్థాయి కనీసం 10 mIU/ml ఉందో లేదో చూడాలి. టీకా లేకుంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) 24 గంటల్లో ఇవ్వడం మంచిది. హెపటైటిస్ సికి టీకా లేదు, నివారణ మందూ లేదు. డయాలసిస్ యూనిట్లో ఉన్నవాళ్లకు భయం దీంతోనే. త్వరగా పట్టుకుంటే నయమవుతుంది కాబట్టి పరీక్షలు మానొద్దు.

ఇక కాగితం. ప్రమాదం తేదీ, సమయం, ఏ సూది, ఏ పనిలో, ఎవరు చూశారు అన్నవి రాసి, ఇన్‌చార్జి సంతకంతో ఒక కాపీ ఉంచుకోండి. బయోమెడికల్ వ్యర్థాల నియమాలు 2016 ప్రకారం ప్రమాదాల నమోదుకు ఫారం 1 ఉంది. అదే నియమాలు ఏటా ఆరోగ్య పరీక్ష, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు తప్పనిసరి చేశాయి. ఈఎస్‌ఐ ఉన్నవారికి యజమాని ఫారం 12లో ప్రమాద నివేదిక పంపాలి. ఆరోగ్య సేవల్లో, ల్యాబ్‌లో సోకే అంటురోగాలు వృత్తి వ్యాధుల జాబితాలో మొదటి వరుసలోనే ఉన్నాయి. ఈఎస్‌ఐ లేనివారికి యజమాని నుంచి పరిహారం రావాలి. ఆ క్లెయిముకు గడువు రెండేళ్లు.

రేడియేషన్ విభాగంలో ఇంత హడావుడి ఉండదు, ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. టీఎల్‌డీ బ్యాడ్జి లెడ్ ఏప్రాన్ లోపల, ఛాతీ మీద పెట్టుకోవాలి. డ్యూటీ అయ్యాక దాన్ని ఏప్రాన్‌తో పాటు ఎక్స్‌రే గదిలోనే తగిలించి వెళ్తే గది డోసు మీ పేరు మీద పడుతుంది. ఒకరి బ్యాడ్జి ఒకరు పెట్టుకుంటే ఇద్దరి రికార్డూ పాడవుతుంది. బ్యాడ్జే ఇవ్వకపోతే అది ఆసుపత్రి తప్పు, రేడియేషన్ భద్రతాధికారిని రాతలో అడగండి. మొబైల్ ఎక్స్‌రే తీసేటప్పుడు స్విచ్చు తీగ కనీసం 2 మీటర్లు ఉండాలి. తెగితే ముడివేసి కుదించిన తీగలతో పని నడిపించొద్దు. గర్భం అని తెలిసిన వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. అప్పటి నుంచి బిడ్డకు చేరే డోసు 1 మిల్లీసీవర్టు దాటకుండా డ్యూటీ మార్చాలి.

ఆరో మెట్టు: మిగతా హక్కులు, క్లుప్తంగా

వారానికి 48 గంటలు, వారానికో సెలవు. అదనపు గంటలకు రెట్టింపు వేతనం. "తరవాతి డ్యూటీవాడు రాలేదు, కంటిన్యూ చెయ్యి" అని నోటితో చెప్పించుకుని 24 గంటలు చేస్తే ఆ లెక్క ఎక్కడా ఉండదు. ఇన్‌చార్జికి "మీరు చెప్పినట్టు రాత్రి డ్యూటీ కొనసాగిస్తున్నాను" అని ఒక్క మెసేజి పెట్టండి చాలు.

ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు, ఆపైన 12 వారాలు. ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈఎస్‌ఐ ఉన్నవారికి డబ్బు అక్కడి నుంచే వస్తుంది. సెలవులో ఉండగా తీసేయడం చెల్లదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు మూడు నెలల్లోపు అంతర్గత కమిటీకి ఇవ్వాలి. పది మంది ఉన్న ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలి. లేకుంటే, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఏజెన్సీ ఉద్యోగిని అయినా ఆసుపత్రి కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

రోగి బంధువులు దాడి చేస్తే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పారామెడికల్ సిబ్బందికీ వర్తిస్తుంది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. పోలీసు స్టేషన్లో మామూలు కొట్లాట కేసుగా రాయబోతే ఆ చట్టం పేరు చెప్పి చేర్పించండి.

ఏడో మెట్టు: ఫిర్యాదు నడిపే వరస

మొదట యజమానికి ఉత్తరం. ఒకటే పేజీ. ఏమి రావాలి, ఏ తేదీ నుంచి, ఎంత, 15 రోజుల్లో ఇవ్వమని. కోపం, చరిత్ర, మిగతా వాళ్ల సంగతులు వద్దు. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, తిరిగొచ్చిన కవరు విప్పకుండా దాచండి. తీసుకోలేదనడానికి ఆ కవరే రుజువు.

20 మంది, ఆపైన కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో సగం మంది కార్మికుల ప్రతినిధులు. ఘటన జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే 60 రోజుల్లో సంఘం ద్వారా కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. చాలా ఆసుపత్రుల్లో ఈ కమిటీ కాగితం మీద కూడా ఉండదు. లేదని రాతలో చెప్పించుకుంటే అదీ మీకు మేలే.

తరవాత కార్మిక శాఖ. జీతం బకాయికి, కనీస వేతనానికి, గ్రాట్యుటీకి, తొలగింపుకు ఒకే దరఖాస్తు పెట్టొద్దు. ఒక్కోదానికి అధికారి వేరు, ఫారం వేరు. కలిపి రాస్తే అన్నీ ఒక టేబుల్ మీద నిలిచిపోతాయి. కన్సిలియేషన్‌కు పిలిచిన రోజు ఏజెన్సీ తరఫున సంతకం చేసే అధికారం లేని సూపర్‌వైజరు వచ్చి వాయిదా అడుగుతాడు. అధికార పత్రం చూపించమని మీరే అడగండి, ఆ మాట మినిట్స్‌లో రాయించండి. కన్సిలియేషన్ విఫలమైతే విశాఖపట్నంలోని ట్రిబ్యునల్ దారి ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. 15100కు ఫోన్ చేయొచ్చు.

సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్స్‌కు వెళ్లడం మన దగ్గర అలవాటు. వెళ్లండి, రసీదు నంబరు తీసుకోండి. కానీ అది చట్టపరమైన క్లెయిము కాదు. అర్జీ పెట్టి ఎదురుచూస్తుంటే గడువులు ఆగవు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సమాచార హక్కు దరఖాస్తు గట్టి ఆయుధం. పది రూపాయలు, 30 రోజులు. "మా జీతాలు ఎందుకు రాలేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది ప్రశ్న, కాగితం కాదు. ఇలా అడగండి: ఏజెన్సీతో ఒప్పందం నకలు, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఏజెన్సీ పెట్టిన బిల్లులు, వాటికి జతచేసిన పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, హాజరు పట్టీలు. జీతం ఇచ్చినట్టు చలాన్లు చూపించి బిల్లు తీసుకుని, మీకు ఇవ్వకపోతే అది ఇక్కడే బయటపడుతుంది.

ఎనిమిదో మెట్టు: సంఘం

సంఘం రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు దరఖాస్తు చేయాలి. దరఖాస్తు నాటికి ఆ సంస్థ కార్మికుల్లో 10 శాతం గానీ 100 మంది గానీ, ఏది తక్కువైతే అంత మంది సభ్యులుండాలి. 51 శాతం సభ్యులున్న సంఘానికి ఏకైక చర్చల సంఘం హోదా వస్తుంది. ఎవరికీ అంత లేకపోతే ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి చొప్పున చర్చల మండలి ఏర్పడుతుంది. ఒక్కో కేడర్‌కు ఒక్కో సంఘం పెట్టుకునే మన అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. ల్యాబ్ వాళ్లది ఒకటి, రేడియాలజీది ఒకటి, డయాలసిస్‌ది ఇంకొకటి అయితే ఎవరికీ 20 శాతం రాదు. మా అభిప్రాయంలో శానిటేషన్, సెక్యూరిటీ వాళ్లను కూడా కలుపుకున్న ఒక్క సంఘమే మేలు.

సూపర్‌వైజరీ పనిలో 18,000 పైన జీతం ఉన్నవారు కార్మికుడి నిర్వచనంలోకి రారు. అందుకే సంఘం పెట్టగానే ముందున్నవాళ్లకు "ల్యాబ్ ఇన్‌చార్జి" అని కొత్త పేరు వస్తుంది. పేరు కాదు, ప్రధానంగా చేసే పని ముఖ్యం. శాంపిళ్లు మీరే నడుపుతున్నారని చూపే రిజిస్టర్లు దాచండి.

సమ్మెకు ముందు నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలి. నోటీసు 60 రోజులు చెల్లుతుంది. కన్సిలియేషన్ నడుస్తున్నంత కాలం, ముగిశాక ఏడు రోజులు సమ్మె చేయకూడదు. అధికారి మొదటి సమావేశం పెట్టగానే ఆ గడియారం మొదలవుతుందని గుర్తుంచుకోండి. సగం మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మెగానే లెక్క. చట్టవిరుద్ధ సమ్మెకు వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, నెల దాకా జైలు ఉన్నాయి. దీని మీద రాష్ట్రానికి 1971 నాటి అత్యవసర సేవల చట్టం, అంటే ఎస్మా ఉంది. 2024 జనవరిలో అంగన్‌వాడీల సమ్మె మీద దాన్నే వాడారు. ఆసుపత్రి మీద వాడటానికి అంతకంటే వెనకాడరు. రెగ్యులర్ ఉద్యోగులకు సర్వీసు నియమాలు వేరు, సమ్మె పేరుతో వాళ్లను ముందు నిలబెట్టకండి. నల్ల బ్యాడ్జీలు, భోజన విరామంలో గేటు దగ్గర సభ, ప్రజాప్రతినిధులకు వినతిపత్రం ముందుగా వాడుకోండి. సమ్మెకు దిగితే అత్యవసర ల్యాబ్, డయాలసిస్, ఆపరేషన్లకు ఎవరెవరు డ్యూటీలో ఉంటారో జాబితా నోటీసుతోనే ఇవ్వండి. డయాలసిస్ ఆగిన రోజున ఊరంతా మీకు ఎదురు తిరుగుతుంది, న్యాయమే కూడా.

తొమ్మిదో మెట్టు: తీసేసినా, మానేసినా

నోటిమాటతో "రేపటి నుంచి రావొద్దు" అంటే మరుసటి రోజు కూడా డ్యూటీ వేళకు వెళ్లండి. గేటు దగ్గర ఆపితే అక్కడి నుంచే మెసేజి, ఈమెయిలు పెట్టండి, అదే రోజు రిజిస్టర్డ్ పోస్టు. లేకపోతే "మానేసి వెళ్లిపోయాడు" అని రాసుకుంటారు. తొలగింపు వివాదం రెండేళ్లు దాటితే కన్సిలియేషన్ అధికారి చేపట్టరు. కన్సిలియేషన్‌కు ఇచ్చి 45 రోజులైనా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

తీసేసినా, రాజీనామా చేసినా బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీ ఐదేళ్లు నిండితే, గడువు నిర్ణయించిన కాంట్రాక్టు ఉద్యోగికైతే కొత్త కోడ్‌లో ఏడాది చేస్తే చాలు. లెక్క: చివరి వేతనం × 15 ÷ 26 × ఏళ్లు. 12,000 వేతనంతో 7 ఏళ్ల 8 నెలలు చేస్తే, ఆరు నెలలు దాటింది కాబట్టి 8 ఏళ్లు. 55,385 రావాలి. అడగకముందే ఇవ్వాల్సిన డబ్బే అయినా 30 రోజుల్లో దరఖాస్తు ఇవ్వండి.

చివరి రోజున ఒక కాగితం పెడతారు: "నాకు రావాల్సినవన్నీ అందాయి, ఇక ఎలాంటి బాకీ లేదు". చెక్కు కావాలంటే సంతకం పెట్టమంటారు. డబ్బు అవసరమైతే పెట్టండి. సంతకం పక్కనే "ఇంత మొత్తం మాత్రమే, నిరసనతో తీసుకున్నాను, గ్రాట్యుటీ, ఓవర్‌టైమ్ బాకీలు ఉన్నాయి" అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. రాయనివ్వకపోతే చెక్కు తీసుకున్న ఆ సాయంత్రమే అదే మాట రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.